యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి మందుల చరిత్రలో ఈయన పేరు తరచు వినిపిస్తుంది. అంతకు ముందు భాస్వరంపై ఈయన చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

బాల్యం, విద్య

కోనసీమకు పడమట, వశిష్ఠ గోదావరికి ఆవల ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న జన్మించాడు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. 1922లో అమెరికా చేరుకున్నాడు.

నీలిరంగు పరీక్ష

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫాస్ఫేటు ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలిసి ఏర్పరచే సమ్మేళనాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. డిగ్రీ విద్యార్థులు భౌతిక రసాయన శాస్త్రంలో చదివే బీర్ - లాంబర్ట్ నియమమే దీనికి ఆధారం. ఆ రోజుల్లో కలోరీమీటరులో రెండు రంగులను కంటితోనే పోల్చి చూసేవారు.

కండరాల నుండి తీసిన ద్రవంలో ఈ రంగు వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడింది. మరొకరైతే పరీక్షలో లోపమని వదిలివేసేవారేమో! ఆమ్లంలో క్రమంగా విడిపోయే అస్థిర భాస్వర సమ్మేళనమేదో అక్కడ ఉందని వీరు గ్రహించారు. చర్య జరిగే వేగమే పదార్థపు ఆచూకీ తెలిపిందన్నమాట. అదే ఫాస్ఫోక్రియాటిన్ (1927). కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం దీనితో బలహీనపడింది. ఆ పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించి ఉండడం గమనార్హం.

1929లో వీరు ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కొంచెం ముందుగా ప్రకటించడం వలన ఆ ఖ్యాతి ఎక్కువగా ఆయనకే దక్కింది.

తరువాతి జీవితం

1930లో పి.హెచ్.డి. పొందినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగష్టులో అమెరికాలో మరణించాడు. భారత ప్రభుత్వం 1995లో ఈయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. భాస్వరాన్ని కొలిచే ఆ పద్ధతి ఫిస్కే - సుబ్బారావు పద్ధతిగా పాఠ్యపుస్తకాలలో నిలిచింది.