మీర్ జుమ్లా: వర్తకుడు, వజీరు

మన అడిక్‌మెట్‌కు తూర్పున ఉన్న హయాత్‌నగర్ మీదుగా ఒకనాడు గోల్కొండ వర్తకం మచిలీపట్నం రేవుకు సాగేది. వజ్రాలు, వస్త్రాలు బండ్లపైనను, పెరికె ఎద్దులపైనను ఆ బాటన నడిచేవి. ఆ వర్తకంలో అపార ధనాన్ని, ఆ ధనంతో అధికారాన్ని ఆర్జించిన ఒక ప్రముఖుని జీవితమును విద్యార్థులకు సంగ్రహంగా మనవి చేయ సంకల్పించాము.

మీర్ జుమ్లాగా ప్రసిద్ధికెక్కిన మీర్ మహమ్మద్ సయీద్ 1591 ప్రాంతమున ఇరాన్ దేశంలోని అర్దిస్తాన్‌లో సామాన్య కుటుంబమున జన్మించారు. ఉపాధికై గోల్కొండ చేరి, వజ్రాల వ్యాపారంలో రాణించి, అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మచిలీపట్నం పాలకులై, తుదకు రాజ్యంలో అత్యున్నత పదవిని అందుకొన్నారు. కడప మండలంలోని గండికోటను జయించారు. పర్షియా, పెగూ మొదలగు దూరదేశాలకు ఆయన సొంత నౌకలు తిరిగేవి.

ఆ కాలమున సముద్రంపై నౌక నడపాలంటే పరదేశీయుల అనుమతిపత్రాలు పొందవలసి వచ్చేది. మొదట పోర్చుగీసువారు, పిమ్మట డచ్చివారు ఈ పద్ధతిని అమలుపరచారు. పత్రం లేని నౌక పట్టుబడితే సరకంతా పోయినట్లే. ఐరోపాలో ఇట్టి నష్టానికి ఒక ఉపాయం ఉండేది. అన్యదేశీయుల చేతిలో సరకు కోల్పోయి, ఆ దేశంలో న్యాయం దొరకని వర్తకుడు తన రాజుకు విన్నవించుకొనేవాడు. రాజు ఒక ప్రతీకార పత్రం ఇచ్చేవాడు. దానితో, నష్టం మేరకు, ఆ దేశీయుల సరకును పట్టుకొనవచ్చును. గోల్కొండకు సముద్రంపై యుద్ధనౌకాబలం లేదు. కనుక మన వర్తకులకు అట్టి పత్రం దొరికినను అక్కరకు వచ్చెడిది కాదు.

1655 చివర సుల్తాను మీర్ జుమ్లా కుమారుని బంధించారు. మీర్ జుమ్లా మొగలుల పక్షం వహించి, 1656లో షాజహాను వజీరైనారు. ఆ కల్లోల కాలంలో చెన్నపట్నపు ఇంగ్లీషువారు ఆయన నౌకనొకదానిని పట్టుకొన్నారు. వైరం ముదిరి, 1657లో ఆయన సైన్యం చెన్నపట్నాన్ని ముట్టడించింది. 1660లో ఆయన బెంగాలు సుబేదారులైన పిదప, నౌకకు పరిహారం కోరుతూ హుగ్లీలోని ఇంగ్లీషు వర్తకమును అడ్డగించారు. అక్కడి ఇంగ్లీషు అధికారి క్షమాపణ చెప్పుకొనక తప్పలేదు. సముద్రంపై పోయిన దానికి నేలపై లెక్క అడిగిన ధీశాలి ఆయన.

అయితే మేము ఇచట ఒక మాట చెప్పక తప్పదు. మీర్ జుమ్లాకు సైన్యమున్నది, సుబా ఉన్నది. ఒక్క నౌకలో నాలుగు మూటలు వేసి పంపిన చిన్న వర్తకునికి ఏమున్నది? వర్తకం నిలిచిన వేళ ఇంగ్లీషువారికి సరకు అమ్మి బ్రతికే హుగ్లీ ప్రజలు చేసిన నేరమేమి? ప్రతీకారమెప్పుడును దోషిని వెదకి తగలదు. చేతికి అందినవానిని తగులును. 1856లో పారిస్ ప్రకటన ద్వారా ఐరోపా రాజ్యాలు ప్రతీకార పత్రాలపై నడిచే సొంత యుద్ధనౌకల వాడుకను రద్దు చేసికొన్నవి.

అస్సాము దండయాత్రలో రోగగ్రస్తులై, ఢాకాకు తిరిగివస్తూ 1663 మార్చిలో మీర్ జుమ్లా కన్నుమూశారు. ఆయన పట్టుదల, కార్యదీక్ష మన విద్యార్థులకు ఆదర్శం కావలెను. కాని బలవంతుడు బలంతో సాధించుకొన్న న్యాయం, బలహీనునికి చట్టంతో లభించిన నాడే లోకం నాగరికమైనదని మా విశ్వాసం.