ఏడవ నిజాం – నా బల్లమీది బాంబరు విమానం

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో సంబంధమున్న ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయవలసిందని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు. నేను ప్లాస్టిక్ విమానాల నమూనాలు చేస్తూ కాలక్షేపం చేస్తానని సభ్యుల్లో చాలామందికి తెలుసు. ఏ లాంకాస్టరు బాంబరు గురించో వ్రాస్తాననుకున్నారట. నిజాంకూ నా బొమ్మలకూ సంబంధం ఏమిటని అడిగారు. సంబంధం ఉంది. ఆ బొమ్మ దగ్గరనుంచే మొదలుపెడతాను.

నేను ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. స్కేలు, పెన్సిలు, కాలిక్యులేటరు లేకుండా చేతికి తోచదు. మొయినాబాదులో ఇల్లు కట్టుకున్న తర్వాత మా మనుమడు పుట్టినరోజు కానుకగా ఒక కిట్టు ఇచ్చాడు. అట్లా మొదలై వెల్లింగ్టన్, లాంకాస్టర్ వంటి రెండవ ప్రపంచయుద్ధపు బాంబర్లు నాలుగైదు చేశాను. నాకు కొత్త కిట్లకన్న పాతవే ఇష్టం. ధర తక్కువ అన్నది ఒక కారణం. రెండో కారణం, వాటిలో తప్పులుంటాయి. రివెట్లు ఆవగింజల్లా పైకి పొడుచుకొని ఉంటాయి, ఎమరీ కాగితంతో అరగదీయాలి. అతుకుల దగ్గర సందులు పడతాయి, పుట్టీ పెట్టి నునుపు చేయాలి. లోపల పైలెట్ కూర్చునే చోట ఒక కుర్చీ తప్ప మరేమీ ఉండదు, మిగిలింది మనమే కల్పించుకోవాలి. తప్పుల డ్రాయింగు దిద్దడం నా ఉద్యోగమే కదా!

ఈ విమానాల చరిత్ర చదువుతుండగా ఒకచోట మన ఊరిపేరు కనిపించింది. మొదటి ప్రపంచయుద్ధం చివర బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ అని ఒకటి ఉండేది. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సుకు వెళ్లింది. దాని మొదటి బాంబర్లు, ఎయిర్‌కో కంపెనీ డి.హెచ్. 9ఏ రకానివి, హైదరాబాదు నిజాం ఇచ్చిన కానుక. ప్రతి విమానం మీదా ఆ సంగతి అక్షరాలతో వ్రాసి ఉండేది. గండిపేట నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఈ సంగతి డెబ్బై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియలేదు. ఆ విమానం చేసి తీరాలనుకున్నాను.

ముందు ఆ దాత సంగతి చెప్పాలి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఉస్మాన్ అలీకి ఇరవై రెండేళ్ల వయసులో, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరద నిలపాలని ఆయన సలహా ఇచ్చారు. 1911 ఆగస్టులో తండ్రి పోగా ఉస్మాన్ అలీ ఇరవై అయిదో ఏట గద్దెనెక్కారు. మూసీ మీద 1913లో మొదలైన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ నది మీద పెద్ద కుమారుడు హిమాయత్ అలీ పేరిట హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. మన మొయినాబాదు ఈ రెంటి నడుమ ఉంది. మా తాత గండిపేట కట్టమీద మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకొనేవారు. ఎంత కూలి ఇచ్చారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గండిపేట పని నడుస్తుండగానే 1914లో యుద్ధం వచ్చింది. తుర్కీ సుల్తాను జర్మనీ పక్షాన చేరాడు. ఆయన ముస్లిములకు ఖలీఫా కూడా. అటువంటి సమయంలో మన నిజాం బ్రిటిష్ వారి పక్షమే వహించాలని ముస్లిములకు ప్రకటన చేశారు. అది వారికి ఎన్నో విమానాల పెట్టు. ఆ పైన ధనం, సైన్యం, చివరకు ఈ బాంబర్లు. 1918లో ఆయనకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న బిరుదు వచ్చింది. తక్కిన సంస్థానాధీశులెవరికీ లేనిది. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడన్న గౌరవమూ దక్కింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిందీ ఆ సంవత్సరమే. ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశంలో కోటిమందికి పైగా చనిపోయిందీ ఆ సంవత్సరమే. ఒకే ఖజానా, ఒకే సంతకం. నేను నమూనా చేస్తున్నంతకాలం ఈ 1918 నా మనసులోనుంచి పోలేదు.

ఇక పని సంగతి. డి.హెచ్. 9ఏకు నాకు అందుబాటులో కిట్టు దొరకలేదు. దాని పెద్దన్న వంటి డి.హెచ్. 4కు ఎయిర్‌ఫిక్స్ వారి 1960ల నాటి అచ్చు ఉంది. డెబ్బై రెండో వంతు స్కేలు. దాన్నే మార్చాలి. డి.హెచ్. 4 రెక్కలు ఆ చివరనుంచి ఈ చివరకు 42 అడుగుల పైచిలుకు. 9ఏ రెక్కలు 45 అడుగుల 11 అంగుళాలు. లెక్కవేస్తే నమూనాలో 17.9 సెంటీమీటర్లు 19.4 కావాలి. అంటే ఒక్కొక్క వైపు ఏడున్నర మిల్లీమీటర్లు అతకాలి. వెడల్పు కూడా ఒక మిల్లీమీటరు పెంచాలి. విందు భోజనాల్లో ఇచ్చే ప్లాస్టిక్ చెంచాలు ఇందుకు బాగా పనికివచ్చాయి. కిట్టు ప్లాస్టిక్, చెంచా ప్లాస్టిక్ ఒకే జాతివి, జిగురుకు ఒకదానిలో ఒకటి కరిగి కలిసిపోతాయి. పెళ్లిళ్లలో నేను చెంచాలు జేబులో వేసుకోవడం చూసి మా ఇంటావిడ తలెత్తుకోలేకపోయింది.

అసలు కష్టం పైలెట్ గది. డి.హెచ్. 4లో పైలెట్ ముందు, తుపాకి పట్టే పరిశీలకుడు ఎక్కడో వెనుక, ఇద్దరి నడుమ పెట్రోలు ట్యాంకు. గాలిలో ఒకరి కేక ఒకరికి వినబడేది కాదు. 9ఏలో పైలెట్‌ను వెనక్కు జరిపి ఇద్దరినీ దగ్గర చేశారు. కాబట్టి పాత రంధ్రం పూడ్చి కొత్తది కోయాలి. నేను కొలత తీసుకొని, గీత గీసి, కోసి చూసుకుంటే నాలుగు మిల్లీమీటర్లు ముందుకు పడింది. ముప్పై ఏళ్లు డ్రాయింగులు వేసినవాడు చేయవలసిన తప్పు కాదు. ఆ ఒళ్లు పారేసి రెండో కిట్టు తెప్పించుకోవలసి వచ్చింది. ముక్కు కూడా మార్చాలి. 9ఏకు అమెరికా లిబర్టీ ఇంజను, పన్నెండు సిలిండర్లు, 400 అశ్వశక్తి. ముందు పాతకాలపు లారీకి ఉన్నట్టు పెద్ద రేడియేటరు. రెక్కల మధ్య బిగించే తీగలకోసం కిట్టు ఫ్రేము ముక్కను కొవ్వొత్తి మీద వేడిచేసి రెండువైపులా లాగితే వెంట్రుకలాంటి దారం వస్తుంది. వేళ్లు కాలాయి, దారం వచ్చింది.

ఆ స్క్వాడ్రన్ యుద్ధంలో ఉన్నది పట్టుమని రెండున్నర నెలలు. అందులోనే శత్రువుల చేత 17 విమానాలు, ప్రమాదాల్లో 28 పోయాయి. వాటిలో ఒకటి, ఎఫ్ 1010 నంబరుది, 1918 అక్టోబరు 5న జర్మనుల చేత చిక్కింది. ఇద్దరు వైమానికులూ ఖైదీలయ్యారు. విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో అక్కడినుంచి తరలించగా పోలండుకు చేరింది. 1977లో బ్రిటిష్ వారు ఒక స్పిట్‌ఫైరును ఇచ్చి దాన్ని మార్చుకొన్నారు. అప్పటికి రెక్కలు లేవు, ఒళ్లు మాత్రం మిగిలింది. కొత్త రెక్కలు కట్టి లండన్ దగ్గర హెండన్ మ్యూజియంలో నిలబెట్టారు. నిజాం కానుక అన్న వ్రాత దానిమీద ఉంది. నేను చేస్తున్నది ఆ విమానమే.

రంగులు వేయడం అయింది. పైన ముదురు ఖాకీ, కింద గుడ్డరంగు. అక్షరాలు వ్రాయడమే మిగిలింది. అక్కడే పేచీ వచ్చింది. చేవెళ్లలో మా బావగారున్నారు, రిటైర్డు హెడ్మాస్టరు. నెలకోసారి ఆయన దగ్గరకు బస్సులో వెళ్తాను. దారి పొడవునా మర్రిచెట్లు, నిజాం కాలంలో నాటినవని పెద్దలు చెప్పేవారు. రోడ్డు వెడల్పు పేరిట వాటికి వచ్చిన ఆపద మీకు తెలిసిందే. బావగారి నాన్నగారు 1948లో రజాకార్లకు భయపడి, రాత్రికి రాత్రి పిల్లలతో ఊరు విడిచిపోయిన మనిషి. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉంది, ఇంట్లో ఏమీ లేదు. నమూనా చేస్తే చేయి, ఆ పేరు మాత్రం వ్రాయవద్దని బావగారు అన్నారు. అది ఎవరి కానుకని ఆయన ప్రశ్న. రైతు కట్టిన శిస్తుతో కొని తన పేరు వ్రాయించుకుంటే దాత అవుతాడా? నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి తక్కిన జీవితం మళ్లీ చదివాను. నిజాం అంత చేసిందీ బేరారు తిరిగి వస్తుందన్న ఆశతో కూడా. 1923లో వైస్రాయికి ఉత్తరం వ్రాశారు. 1926లో లార్డ్ రీడింగ్ ఇచ్చిన జవాబులో, బ్రిటిష్ ఆధిపత్యం ముందు ఏ సంస్థానాధీశుడూ సమానుడు కాడని తేల్చేశారు. 1936లో బిరుదులో బేరారు చేరింది, నేల చేరలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన పేరిట మరి రెండు స్క్వాడ్రన్లు, 152, 253. 152వ దళం చిహ్నంలో ఆయన తలపాగాయే ఉంది.

1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలో అత్యంత ధనవంతుడని ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసింది. ఆ మనిషి కాల్చింది చౌక చార్మినార్ సిగరెట్లు, కట్టుకున్నది మాసిన షేర్వానీ. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటివి ఆయన కాలంలో వచ్చినవే, ఒప్పుకోవాలి. అయితే విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది, రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్నవారు తెలుగువాళ్లు. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడబోయినవారిని గేలిచేస్తే ఆంధ్రజనసంఘం పుట్టింది. తరువాత అదే ఆంధ్రమహాసభ అయింది. మన మొయినాబాదు దగ్గరి పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డిగారు 1936లో షాద్‌నగర్‌లో దానికి అధ్యక్షత వహించారు. 1978లో ఏర్పడిన మన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. చెరువు ఒకరిది, జిల్లా ఒకరిది.

1947లో నిజాం స్వతంత్రంగా ఉండాలనుకొన్నారు. రజాకార్లను అదుపు చేయలేదు, చేయదలచలేదు అనేవారూ ఉన్నారు. నా మటుకు నేను, రాజన్నవాడు ఆ రెంటికీ బాధ్యుడే అనుకుంటాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. అప్పుడు భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు పై నుంచి దాడి చేశాయి. బాంబర్లను కానుక ఇచ్చిన ముప్పై ఏళ్లకు ఆయన రాజ్యం మీదికే విమానాలు వచ్చాయి. 17న లొంగిపోయారు. ఆయన సొంత జాగీరైన సర్ఫ్-ఎ-ఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసింది. 1950 జనవరి 26నుంచి 1956 అక్టోబరు 31వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు.

ఇక్కడ ఒక మాట సరిదిద్దాలి. 1965 యుద్ధకాలంలో ఆయన 5,000 కిలోల బంగారం దేశానికి దానం చేశారని మన సమావేశాల్లోనే ఒకరిద్దరు చెప్పగా విన్నాను. సమాచార హక్కు కింద అడిగితే తేలింది వేరు. ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోలు పెట్టుబడి పెట్టారు, ఆరున్నర శాతం వడ్డీకి. అది తక్కువ సంగతి కాదు, దానం మాత్రం కాదు. మన ఫిక్స్‌డ్ డిపాజిట్లను ఎవరూ దానమనరు కదా. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఎనభయ్యో ఏట ఆయన మరణించారు. అంత్యయాత్రకు జనం పోటెత్తారు. ఎదుటనే ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కన పడుకోబెట్టారు.

చివరకు అక్షరాలు వ్రాశాను. ఉన్న విమానాన్ని ఉన్నట్టు చేయాలి. పేరు చెరిపేస్తే అది హెండన్‌లోని విమానం కాదు, ఎవరి డబ్బు అన్న బావగారి ప్రశ్నకూ చోటుండదు. ఆఫీసునాటి రోట్రింగ్ పెన్ను కడిగి, నీటిలో తడిపి అంటించే సన్నని పొరమీద వ్రాశాను. అక్షరం ఎత్తు మిల్లీమీటరు కన్న తక్కువ. పదకొండోసారికి కుదిరింది.

డబ్బాలో పెట్టుకొని చేవెళ్ల తీసుకువెళ్లాను. బావగారు భూతద్దం తెచ్చుకొని ఆ వ్రాత చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అటూ ఇటూ తిప్పి, తీగలు బాగా కుదిరాయన్నారు. బస్సెక్కేముందు, వచ్చేసారికి టెంపెస్టు ఒకటి చేసుకురమ్మన్నారు. కిట్టు తెప్పించాను. అదీ పాత అచ్చే, రెక్కల మొదట్లో పెద్ద సందులున్నాయి.