పెద్దలను నడిపించిన పిన్నవాడు

హిజ్రీ 11వ సంవత్సరం, అంటే క్రీ.శ. 632. సిరియా సరిహద్దుకు వెళ్లవలసిన ముస్లిం సైన్యం మదీనా సమీపంలోని జుర్ఫ్ వద్ద విడిది చేసింది. అందులో హజ్రత్ ఉమర్ (రజి) అంతటి పెద్దలున్నారు. సేనాని హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కు మాత్రం అప్పటికి ఇరవై ఏళ్లకు మించి లేవు.

ఆయన తండ్రి జైద్ (రజి) బానిసగా అమ్ముడుపోయి, దైవప్రవక్త (స) చేతుల మీదుగా విముక్తి పొందినవారు. 629లో మూతా యుద్ధంలో అమరులయ్యారు. తల్లి ఉమ్మె ఐమన్ (రజి) అబిసీనియా స్త్రీ. ప్రవక్త (స)ను పసితనంలో సాకినవారు.

625లో ఉహుద్ యుద్ధానికి ఉత్సాహంగా వచ్చిన ఉసామాను చిన్నవాడని ప్రవక్త (స) వెనక్కి పంపారు. అయినా తమ వెంటే ఉంచుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి)పై నింద పడిన కష్టసమయంలో హజ్రత్ అలీ (రజి)తోపాటు ఈ బాలుణ్ణీ పిలిచి సలహా అడిగారు. 630లో మక్కాలో ప్రవేశించినప్పుడు తమ వాహనంపై వెనుక కూర్చోబెట్టుకున్నారు.

అంత ప్రేమ ఉన్నా తప్పును ఉపేక్షించలేదు. ఒక పోరులో శత్రువొకడు కలిమా పలికాడు. ప్రాణభయంతో పలికాడనుకుని ఉసామా అతణ్ణి చంపేశారు. ఈ సంగతి తెలిసి ప్రవక్త (స) పదేపదే నిలదీశారు. ఉసామా కుమిలిపోయారు. అలా మందలించిన ప్రవక్త (స)యే తర్వాత ఆయనకు సైన్యాన్ని అప్పగించారు.

చిన్నవాడి కింద పెద్దలు నడవడమేమిటని కొందరు గొణిగారు. జబ్బుతో ఉన్న ప్రవక్త (స), ఉసామా అందుకు అర్హుడేనని స్పష్టం చేశారు. సైన్యం కదలకముందే ఆయన పరమపదించారు. వయసులో పెద్దవారిని సేనానిగా నియమించమని కొందరు కోరినా ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒప్పుకోలేదు. ఉసామా సవారీపై ఉండగా తాను పక్కన నడుస్తూ సాగనంపారు. హజ్రత్ ఉమర్ (రజి)ను మదీనాలో ఉంచుకోవడానికి ఆ యువకుణ్ణే అనుమతి అడిగారు. ఉసామా విజయంతో తిరిగివచ్చారు.

తర్వాతి కాలంలో ముస్లింల మధ్య అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ఆయన ఏ పక్షం తరఫునా కత్తి పట్టలేదు. కలిమా పలికిన మనిషిని చంపిన ఆనాటి పాఠాన్ని జీవితాంతం మరువలేదు.

మన యువకులు బాధ్యత తెలియనివారని తరచూ నొచ్చుకుంటాం. మస్జిద్ కమిటీలోగానీ, బైతుల్ మాల్ నిర్వహణలోగానీ వారికి ఎన్నడైనా చోటిచ్చామా? తప్పు చేస్తే దిద్ది, మళ్లీ అప్పగించామా? పెద్దలు ఆలోచించాలి.