సర్ రోనాల్డ్ రాస్

1857లో ఆల్మోరాలో జన్మించిన రాస్, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ ఉదరంలో మలేరియా పరాన్నజీవిని దర్శించారు. మరుసటి ఏడు కలకత్తాలో, పక్షులకు ఆ వ్యాధి దోమకాటు వల్లనే సోకుతున్నదని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఇదంతా పాఠ్యపుస్తకాలు చెప్పేదే. స్వయంకృషితో గణితం అభ్యసించిన ఈ వైద్యుని మరొక సాధన అంతగా ప్రచారంలోకి రాలేదు. దోమలన్నిటినీ నిర్మూలించడం అసాధ్యం, కనుక ప్రయత్నమే వ్యర్థమని నాడు పలువురు వాదించేవారు. రాస్ మారిషస్ దీవిని పరిశీలించి, 1908 నాటి నివేదికలో రోగుల సంఖ్యను, దోమల సంఖ్యను, కాట్లను లెక్కకట్టారు. దోమలు ఒక హద్దుకు దిగువకు తగ్గితే చాలు, కొన్ని మిగిలి ఉన్నా వ్యాధి క్రమంగా అంతరిస్తుందని తేల్చారు. వైద్యలోకం సమీకరణాలను చూచి బెదిరినదో ఏమో, పెద్దగా పట్టించుకోలేదు. 1932లో ఆయన కన్నుమూశారు. 1950లలో జార్జి మెక్‌డొనాల్డ్ ఆ లెక్కలనే చేపట్టి విస్తరింపజేశారు.