మాయాబజారులోని చిన్నమయ

పెండ్లివారి కొరకు వండి పేర్చిన పిండివంటలు కన్నులపండువుగా నున్నవి. వడ్డించువారు లేరు. ఘటోత్కచుడొక్కడే వాటి నడుమ కూర్చుండి యున్నాడు. అతడు చేయి చాపనక్కరలేదు. లడ్డులు తమంత తామే లేచి యతని నోటిలోనికి పోవుచున్నవి. 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలైన మాయాబజారు చిత్రములోని యీ విందును చూచి నోరూరని తెలుగువారు అరుదు.

విందారగించిన ఘటోత్కచుని, ఆ వేషము ధరించిన ఎస్. వి. రంగారావును అందరు నెరుగుదురు. ఆ ఘటోత్కచుని కొలువులోనే బక్కపలుచని గురువొకడు కలడు. కౌరవులకు విడిదిని, అంగడివీథులను క్షణములో కల్పించినవాడు అతడే. అతని పేరు చిన్నమయ. ఆ వేషమును ధరించిన నటుడు మన నెల్లూరుసీమవాడైన తిక్కవరపు వెంకటరమణారెడ్డి.

రమణారెడ్డి 1921వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన నెల్లూరుజిల్లా జగదేవిపేటలో జన్మించెను. ఆ గ్రామమున్న ఇందుకూరుపేట ప్రాంతమునకు ఒకవైపు వరి పండు మాగాణులు, మరియొకవైపు మైపాడు సముద్రతీరము గలవు. మొలకొలుకుల బియ్యమునకును, చేపల పులుసునకును పేరుగన్న సీమయది. అట్టిచోట పుట్టి పెరిగినవాడు ఊచవలె సన్నగా నుండుట చూపరులకు వింతగా తోచియుండును.

పెద్దవాడైన పిమ్మట ఆయన నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగము చేసెను. వీథులు ఊడ్చిరా లేదా, మురుగుకాలువలు పారుచున్నవా, అంగళ్ళలో అమ్ము తినుబండారములు శుభ్రముగా నున్నవా యని చూచుట ఆ ఉద్యోగుల పని. తినుబండారములపై ఈగ వ్రాలకుండ చూడవలసినవాడు, తినుబండారములే గాలిలో ఎగురు చిత్రమున మాయావిద్యల కాచార్యుడగుట తలచుకొన్నకొలది నవ్వు పుట్టించును.

అది నెలనెల జీతము వచ్చు కొలువు. నటనపై మక్కువ యెంతయున్నను అట్టి కొలువును వదలుకొనుట చిన్న సాహసము కాదు. మదరాసులో వేషము దొరకునో దొరకదో, దొరకినను మరునాడు మరియొకటి లభించునో లేదో చెప్పగలవారెవరును లేరు. పైగా ఆయన దేహము వీరుల వేషములకు తగినది కాదు. అయినను రమణారెడ్డి ఉద్యోగము మాని మదరాసు చేరెను. లోపమని యితరులు తలచు ఆ సన్నని దేహమునే ఆయన తన మూలధనముగా చేసికొనెను. ఒడలంతయు విల్లువలె వంచి, పొడవైన చేతులు త్రిప్పుచు, నెల్లూరు యాసతో మాటలు సాగదీసినచో ప్రేక్షకులు పొట్టచెక్కలగునట్లు నవ్వెడివారు. 1955లో వచ్చిన మిస్సమ్మలో అప్పు వసూలునకు వెంటబడు డేవిడుగను, 1962లో వచ్చిన గుండమ్మకథలో గంటయ్యగను ఆయన నటించెను. ఆ వేషములు దుష్టులవే. కాని ఆ దుష్టుని చూచి భయపడినవారు లేరు.

ఇక మాయాబజారు సంగతి. అభిమన్యునకును బలరాముని కూతురు శశిరేఖకును పెండ్లియను ఈ కథ వ్యాసభారతమున లేదు. జనులు కల్పించుకొని, నాటకములాడి పెంచుకొన్న కథ యిది. 1936లోనే తెలుగున చలనచిత్రముగా కూడ వచ్చెను. 1957 నాటి చిత్రమును విజయా సంస్థవారు నిర్మించిరి. కె. వి. రెడ్డి దర్శకుడు, మాటలను పాటలను వ్రాసినవాడు పింగళి నాగేంద్రరావు. మాంత్రికుడు తల్పమును గిల్పముగా, కంబళిని గింబళిగా మార్చుట పింగళి చమత్కారమే. హాయిగా కూర్చుండబోయినవారిని ఆ రెండును ముప్పుతిప్పలు పెట్టును. వాటి పాలబడినవారు కౌరవపక్షపు శర్మ, శాస్త్రులు; ఆ వేషములు అల్లు రామలింగయ్యవి, వంగర వెంకటసుబ్బయ్యవి. పెండ్లివిందులో గోంగూర లేకున్న కుదరదని వారు పట్టుబట్టుదురు. హస్తినాపురమువారికి గోంగూరపై అంత మమకారమెట్లు కలిగెనని అడుగరాదు! అది తెలుగు పెండ్లి. తెలుగు నాలుకకు తగిన మాయయే అక్కడ చెల్లును.

ఈ మాయలను కంటికి నమ్మించినవాడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఆ దినములలో కంప్యూటరు సహాయము లేదు. కెమెరాను నిలిపి, వస్తువును మార్చి, మరల త్రిప్పుట. ఒకే ఫిలిముపై రెండుమారులు చిత్రించుట. చిన్న బొమ్మలుకట్టి పెద్ద నగరముగా చూపుట, ఇవియే అప్పటి ఉపాయములు. నటుని పని మరింత కష్టము. ఎదుట లేని వింతను ఉన్నట్లే చూడవలెను. జరుగని మాయకు జరిగినట్లే ఆశ్చర్యపడవలెను. చేయి ఒక క్షణము ముందు కదలినను, వెనుక కదలినను మాయ చెడును.

రమణారెడ్డికి ఇది కొంత సులభమయియుండుననుటకు ఒక కారణము కలదు. ఆయనకు ఇంద్రజాలమనిన ప్రాణము. చిత్రములలో తీరిక దొరకినపుడు ఆ విద్యను నేర్చి, వేదికలపై ప్రదర్శనము లిచ్చెను. సేవాసంస్థల సహాయార్థము కూడ అట్టి ప్రదర్శనములు చేసెను. తెరపై మాయ తప్పినచో మరల చిత్రింపవచ్చును. వేదికపై నట్లు కాదు. ముందువరుసలోని పిల్లవాడు చేతివంకనే గ్రుచ్చి చూచుచుండును. వానికి గుట్టు చిక్కెనా, ఆట ముగిసినట్లే. అందరిని నవ్వించు మనిషి ఇంతటి ఏకాగ్రత గల విద్యను ఎన్నుకొని, దానిని పరుల సాయమునకు కూడ వినియోగించుటను నేను ఆయన వేషములకంటె తక్కువగా నెంచను.

1974వ సంవత్సరము ఆ కొలువునకు చెడ్డది. జూలై 18న ఎస్. వి. రంగారావు మరణించెను. నాలుగు నెలలైన గడువకముందే, నవంబరు 11న, రమణారెడ్డియు కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు ఏబదిమూడేండ్లు.

2010లో మాయాబజారునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. లడ్డులకు, గారెలకు, రాక్షసుల నగలకు వన్నెలు వచ్చినవి. చిన్నమయ మాత్రము మునుపటివలెనే బక్కపలుచగా నుండి, వేళ్ళు త్రిప్పుచు, తన మాయకు తానే మురిసిపోవుచుండెను.