కరిగిపోయే రబ్బరు మీదే ఒక జీవితం: చార్లెస్ గుడ్‌ఇయర్

టైరు మీద గుడ్‌ఇయర్ అనే పేరు చూసినవాళ్లు ఆ పేరుగలాయనే కంపెనీ పెట్టాడనీ, కోట్లు సంపాదించి పోయాడనీ అనుకుంటారు. రెండూ నిజం కాదు. ఆ కంపెనీని 1898లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఫ్రాంక్ సీబర్లింగ్ అనే వ్యాపారి పెట్టాడు. అప్పటికి చార్లెస్ గుడ్‌ఇయర్ చనిపోయి 38 ఏళ్లు. గౌరవంగా ఆయన పేరు పెట్టుకున్నారంతే, ఆయన కుటుంబానికి దాంతో ఏ సంబంధమూ లేదు. ఇక కారు సంగతంటారా, ఆయన దాన్ని కంటితో కూడా చూడలేదు.

ఆయన పుట్టింది 1800 డిసెంబర్ 29న, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో. తండ్రిది ఇనుప సామాన్ల వ్యాపారం. పెద్దయ్యాక కొడుకూ అందులోకే దిగి ఫిలడెల్ఫియాలో దుకాణం పెట్టాడు. అరువులు పెరిగి 1830లో దివాలా తీశాడు. ఆ రోజుల్లో అక్కడ అప్పు తీర్చలేకపోతే జైలే. అప్పటి నుంచి చచ్చేదాకా ఆయన జైలుకు వెళ్లడం, రావడం మామూలైపోయింది.

1834లో న్యూయార్క్‌లో ఓ రబ్బరు కంపెనీ దుకాణం ముందు ఆగాడు. నీళ్లలో మునిగిపోకుండా ఒంటికి కట్టుకునే రబ్బరు సంచి కొన్నాడు. దానికి గాలి ఊదే మూతి బాగాలేదనిపించి, ఇంతకన్నా మంచిది తయారుచేసి కంపెనీవాళ్ల దగ్గరకు తీసుకెళ్లాడు. అక్కడి మేనేజర్ అసలు కష్టం చెప్పాడు. మూతిది కాదు తప్పు, రబ్బరుదే. ఎండాకాలం వస్తే బూట్లు, కోట్లు అన్నీ బంకలా కరిగి కంపు కొడుతున్నాయి. చలికాలంలో చెక్కలా బిగుసుకుపోతున్నాయి. అమ్మిన సరుకంతా కుప్పలుగా తిరిగి వస్తోంది. ఆ మాటతో గుడ్‌ఇయర్ జీవితమే మారిపోయింది.

రసాయన శాస్త్రం చదివినవాడు కాదు. ఫిలడెల్ఫియా తిరిగి వెళ్లగానే మళ్లీ అప్పుల జైలు. భార్య క్లారిస్సా పచ్చి రబ్బరు, అప్పడాల కర్ర తెచ్చిస్తే జైలు గదిలోనే పిసికి, వత్తి చూశాడు. బయటికొచ్చాక మెగ్నీషియా కలిపాడు, సున్నం కలిపాడు, నైట్రిక్ ఆమ్లం పూశాడు. ప్రతిసారీ కొన్ని వారాలు బాగానే ఉండేది, మళ్లీ పాత కథే.

వాటిల్లో పెద్ద దెబ్బ టపా సంచులది. ప్రభుత్వం నుంచి 150 సంచుల ఆర్డర్ వచ్చింది. చక్కగా తయారయ్యాయి, చూడముచ్చటగా ఉన్నాయి. కొన్ని వారాలు వేడిగా ఉన్న గదిలో ఉంచేసరికి అవి మెత్తబడి పట్టుకునే పిడులు ఊడొచ్చాయి. పైన మెరుగు ఉన్నంత మాత్రాన లోపల రబ్బరు బాగున్నట్టు కాదని అందరి ముందూ రుజువైంది. అప్పిచ్చేవాళ్లు తప్పుకున్నారు.

ఇంట్లో పరిస్థితి చెప్పుకోలేనిది. రొట్టె కోసం పిల్లల బడి పుస్తకాలు కూడా అమ్మారని చెబుతారు. పుట్టిన 12 మంది పిల్లల్లో 6గురు చిన్నతనంలోనే పోయారు. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవడం అంత తేలిక కాదు. పట్టుదల ఆయనది, పస్తులు మాత్రం క్లారిస్సావి, పిల్లలవి.

1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో దారి దొరికింది. నతానియేల్ హేవర్డ్ అనే ఆయన దగ్గర గంధకం కలిపే పద్ధతి కొనుక్కున్నాడు. గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి పొరపాటున వేడి పొయ్యి మీద పడిందంటారు. కరిగి కారాల్సింది తోలులా మాడింది. మాడిన అంచు పక్కన సాగే గుణం పోకుండా గట్టిపడిన సన్నటి వార కనిపించింది. రాత్రంతా దాన్ని బయట చలిలో ఉంచి చూస్తే పొద్దున్నకీ వంగుతూనే ఉంది. గంధకమూ కావాలి, వేడీ కావాలి, ఎంత వేడి ఎంతసేపు అన్నదీ తెలియాలి. అది తేల్చడానికి ఇంకో 5 ఏళ్లు పట్టింది. 1844 జూన్ 15న అమెరికా పేటెంట్ వచ్చింది.

అప్పటికే ఇంగ్లండ్‌లో థామస్ హాన్‌కాక్ గుడ్‌ఇయర్ రబ్బరు ముక్కలు చూసి, గంధకం ఆనవాలు పట్టి, అక్కడ తానే ముందు పేటెంట్ దరఖాస్తు పెట్టేశాడు. వల్కనైజేషన్ అనే పేరు కూడా ఇంగ్లండ్‌లోనే పుట్టింది. అమెరికాలో హోరేస్ డే మీద కేసు 1852లో గెలిచాడు, డేనియల్ వెబ్‌స్టర్ అంతటి లాయరు ఆయన తరఫున నిలబడ్డాడు. గెలిచినా చేతిలో డబ్బు నిలవలేదు. 1855 పారిస్ ప్రదర్శనలో విపరీతంగా ఖర్చుపెట్టి, అక్కడా అప్పుల జైలు పాలయ్యాడు. ఫ్రాన్స్ చక్రవర్తి ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఆ జైలు గదిలోనే చేతికి అందింది.

1860 జూలై 1న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. జబ్బుపడ్డ కూతుర్ని చూడ్డానికి బయల్దేరి, దారిలోనే ఆమె పోయిందన్న వార్త విన్నాడు. మిగిల్చి వెళ్లిన అప్పు దాదాపు 2 లక్షల డాలర్లు. జనాజా నమాజుకు ముందు పోయినవాళ్ల అప్పు ఎవరు తీరుస్తారని అడిగే మన ఇళ్లలో ఆ బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన కరగడాన్ని ఆపాడు గానీ రబ్బరుకు ముసలితనం రాకుండా ఆపలేకపోయాడు. ఈ రోజుకీ ఎవరివల్లా కాలేదు. రబ్బరును గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ మెల్లగా చెడగొడుతూనే ఉంటాయి. కంపెనీలు మందులు, మైనం కలిపి ఆలస్యం చేస్తాయి, అంతే. మే నెల రామగుండం ఎండలోనో, రియాద్ ఎండలోనో నిలబెట్టిన బండికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తిరగకుండా షెడ్డులో పెట్టినా వయసు ఆగదు.

అందుకే టైరు పక్కభాగం మీద తయారీ తేదీ ఉంటుంది. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి 4 అంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ నెల. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, దాన్ని ముట్టుకోనే వద్దు. చాలా టైర్లకు పూర్తి వరుస ఒక పక్కనే ఉంటుంది. బయట కనపడకపోతే బండి కిందికి వంగి లోపలి పక్క చూడాలి. చాలా కార్ల కంపెనీలు 6 ఏళ్లు దాటిన టైరు మార్చమంటాయి. కొన్ని టైరు కంపెనీలు ఏటా చూపించుకుంటూ వాడినా 10 ఏళ్లు దాటనివ్వొద్దంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు తక్కువ కిలోమీటర్లు తిరిగిందని చూపిస్తారు. గాడులు లోతుగానే ఉంటాయి, ఆ టపా సంచుల మెరుగులాగే. కొత్త టైరు కొనేటప్పుడూ బిల్లు తేదీ కాదు, ఆ 4 అంకెలు చూసి బేరం ఆడాలి. డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా బయటికి తీయించి చూడాలి. అది ఒక్కసారి కూడా రోడ్డెక్కకుండానే 8 ఏళ్లదై ఉండొచ్చు.