మరుగునపడిన తొలి విజయం: హార్మోన్ల శాస్త్రవేత్త సుభాష్ ముఖోపాధ్యాయ్

తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ నుంచి ఆద్రాకు సాగే రైలుమార్గంలో బాంకురా పట్టణం ఉంది. అక్కడి వైద్య కళాశాలలో ఆచార్యుడిగా ఉన్న రోజుల్లోనే భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జననానికి కారకులైన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పేరు మాత్రం చాలాకాలం మరుగున పడింది.

1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించిన ఆయన కలకత్తాలో వైద్యవిద్య అభ్యసించారు. 1967లో ఎడిన్‌బరోలో హార్మోన్ల పరిశోధనకు రెండో డాక్టరేట్ పొందారు.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి స్రవించే గోనాడోట్రోపిన్లు అండాశయానికి ఆజ్ఞల వంటివి. అవి కొరవడితే అండం పక్వం కాదు, ఋతుక్రమం గతి తప్పుతుంది, సంతానం కలగదు. ముట్లుడిగిన స్త్రీలలో అండాశయం నుంచి అదుపుచేసే సంకేతం అందక ఆ గ్రంథి వీటిని మరింతగా విడుదల చేస్తుంది. అవి మూత్రంలో చేరతాయి. అలా మూత్రం నుంచి వేరుచేసిన హార్మోన్లనే ముఖోపాధ్యాయ్ ఎంచుకున్నారు.

ఫెలోపియన్ నాళాలు దెబ్బతిన్న ఒక మహిళకు వాటినిచ్చి, ఒకటికి మించి అండాలు పక్వమయ్యేలా చేశారు. ఇంగ్లండ్‌లో స్టెప్టో, ఎడ్వర్డ్స్ సాధించిన విజయం సహజ ఋతుచక్రంలో లభించిన ఒక్క అండంపైనే ఆధారపడింది. హార్మోన్లతో ప్రేరేపించిన నెలలో గర్భాశయపు లోపొర పిండాన్ని స్వీకరించేందుకు అనువుగా ఉండకపోవచ్చు. అందుకే పిండాన్ని 53 రోజులు ఘనీభవింపజేసి ఉంచి, తర్వాతి సహజ చక్రంలో గర్భాశయంలో ప్రవేశపెట్టారు. నేటి సంతాన సాఫల్య కేంద్రాలలో ఇది నిత్యకృత్యమే. సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్య ఆయనకు తోడ్పడ్డారు. 1978 అక్టోబర్ 3న ఆడశిశువు జన్మించింది. లూయీ బ్రౌన్ పుట్టి అప్పటికి 70 రోజులే.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆయన మాట నమ్మలేదు. దానికి అధ్యక్షత వహించినవారు రేడియో భౌతిక శాస్త్రవేత్త కావడం విడ్డూరం. 1979లో జపాన్‌ నుంచి ఆహ్వానం అందినా వెళ్లేందుకు అనుమతి దొరకలేదు. 1981 జూన్‌లో ఆయన పరిశోధనతో ఏ సంబంధమూ లేని కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. అదే నెల 19న, యాభయ్యేళ్ల వయసులో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

1986లో ముంబయిలో జన్మించిన శిశువునే దేశం తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా గుర్తించింది. ఆ ఘనత ఇందిరా హిందూజా, టి.సి. ఆనంద్ కుమార్‌లకు దక్కింది. ముఖోపాధ్యాయ్ చేతిరాత పత్రాలను పరిశీలించిన తర్వాత, 1997లో, తొలి స్థానం తమది కాదని ప్రకటించినవారు ఆ ఆనంద్ కుమారే.